సుంకప్ప వేసిన వేలిముద్ర

మా బడి పేరు చెప్పను. చెబితే ఉద్యోగం పోతుంది. పోతే పోనీ అనేపాటి దమ్ము నాకు లేదు. ఉండి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది. పెనుకొండలో మూడంతస్తుల గులాబీరంగు భవనం, గోడల మీద ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్లల బొమ్మలు, గేటు దగ్గర పసుపు బస్సులు. ఆనవాళ్ళకు అంత చాలు. నేను అందులో పదమూడేళ్ళుగా గుమాస్తాను. పేరు అనిల్ కుమార్. ఇల్లు హిందూపురంలో. పొద్దున బస్సెక్కి వస్తాను, సాయంత్రం బస్సెక్కి పోతాను, మధ్యలో కరస్పాండెంట్ ఏం రాయమంటే అది రాస్తాను.

ఈ కథ నాది కాదు, సుంకప్పది. రొద్దం అవతల ఒక చిన్న పల్లె ఆయనది. ఎనిమిదేళ్ళ వయసులో గొర్రెల వెంట పడ్డాడు, ఇప్పటికీ వాటి వెంటే ఉన్నాడు. బడి మొహం చూసింది ఒకే ఒక్క రోజు. ఆ రోజు కూడా అయ్యవారు రాలేదట, మధ్యాహ్నం దాకా కూర్చుని ఇంటికి పోయాడట. మనిషి పొడుగు. భుజాన కంబళి, చేతిలో చివర కొడవలి కట్టిన పొడవాటి వెదురు కట్టె. తెలుగు మాట్లాడతాడు, మడకశిర వైపు పోతే కన్నడం మాట్లాడతాడు, గొర్రెలతో మాత్రం ఏ భాషకూ చెందని కూతలు వేస్తాడు. ఆ కూతకు నూటఇరవై జీవాలు ఒక్కసారిగా తల తిప్పుతాయి. మా బడిలో ప్రార్థన గంటకు ఇరవై మంది కూడా తిప్పరు.

ఆ నూటఇరవైలో నలభై ఆయనవి కావు. ఊళ్ళో వాళ్ళు పాలుకు ఇచ్చినవి. అంటే గొర్రె వాళ్ళది, మేపేది ఈయన, పుట్టిన పిల్లల్లో చెరి సగం. దానికి కాగితం లేదు, సంతకం లేదు. గొర్రె యజమాని మంద దగ్గరికి వచ్చి, గొర్రె చెవి పట్టుకుని సుంకప్ప చేతిలో పెట్టి, "నీ చేతికి ఇచ్చినా" అంటాడు. అంతే. ఆ మాట అన్న క్షణం నుంచి ఆ జీవానికి ముల్లు గుచ్చుకున్నా సుంకప్పే జవాబు చెప్పాలి. గాయమైతే యజమాని మూడు అడుగుతాడు: ఎట్లయింది, ఎవరు చేసినారు, ఏం మందు వేసినారు. చస్తే, యజమాని గుర్తుగా గాటు పెట్టిన చెవిని కోసి కంబళి కొంగులో కట్టుకుని యజమాని ఇంటికి నడిచి పోయి, చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాలి. ముప్పై ఏళ్ళలో తాను ఆరు చెవులు మోశానని సుంకప్ప నాతో ఒకసారి అన్నాడు. ఆరింటి కథలూ ఆయనకు గుర్తున్నాయి. ఒకటి చెబుతూ మధ్యలో ఆగిపోయాడు, అది తన తప్పేనట.

ఈ మనిషి కూతురు యమున. వాళ్ళ పల్లెలో అయిదో తరగతి దాకానే బడి ఉంది. ఆ పైన చదవాలంటే రొద్దం దాకా ఆటోలో పోవాలి, లేదంటే మా బస్సెక్కాలి. మా బస్సు ఊరి ముందు దాకా వస్తుంది. అదొక్కటే మా బడిలో ఉన్న గొప్పతనం. ఎండాకాలం సుంకప్ప, పెళ్ళాం వెంకటక్క మంద తోలుకుని బుక్కపట్నం చెరువు దిక్కుకు పోతారు, నీళ్ళు తగ్గిన చోట పచ్చిక మొలుస్తుంది కాబట్టి. మూడు నాలుగు నెలలు అక్కడే. అప్పుడు పిల్ల అవ్వ కుళ్ళాయమ్మ దగ్గర ఉండి బడికి వచ్చేది.

మూడేళ్ళ కిందట ఆరో తరగతిలో చేర్చడానికి తెచ్చినప్పుడు నేను ఆయన ముందు ఒక కాగితం పెట్టాను. మా బడిలో చేరే ప్రతి పిల్లకూ ఆ కాగితం ఉంటుంది. మా బిడ్డ మంచి కోసం ఉపాధ్యాయులు దండించడానికి మాకు అభ్యంతరం లేదు, దానివల్ల ఏం జరిగినా పాఠశాలకు బాధ్యత లేదు అని దాని సారాంశం. చట్టం ముందు ఆ కాగితానికి చిత్తుకాగితం విలువ కూడా లేదు. పిల్లలను కొట్టకూడదని విద్యాహక్కు చట్టంలో పదిహేడో సెక్షన్ ఉంది, తండ్రి ఒప్పుకున్నా తాత ఒప్పుకున్నా అది మారదు. ఈ సంగతి నాకు తెలుసు, కరస్పాండెంట్‌కు తెలుసు. వేలిముద్ర వేసేవాళ్ళకు తెలియదు. మాకు కావలసింది అదే.

నేను ఆ కాగితాన్ని బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు చదివినట్టు గబగబా చదివేశాను. సుంకప్ప వినలేదు. నేను చదివినంతసేపూ కూతురి తల నిమురుతూ ఉన్నాడు. చదవడం అయ్యాక ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బల్ల మీదుగా నా చేతిలో పెట్టి, "నీ చేతికి ఇచ్చినానప్పా" అన్నాడు. తర్వాతే వేలు సిరాలో అద్ది ముద్ర వేశాడు. పల్లెటూరి ప్రేమ అనుకుని నేను నవ్వాను. ఆయన లెక్కలో ఒప్పందం ఆ మాట, వేలిముద్ర దానికి సాక్ష్యం. ఏం జరిగినా మీరే జవాబు చెబుతారని ఆయన వేలు వేశాడు. ఏం జరిగినా మమ్మల్ని అడగకూడదని మేము వేయించుకున్నాం. ఒకే కాగితం మీద రెండు ఒప్పందాలు జరిగాయి, నేను రెంటికీ మధ్యలో కూర్చుని ఉన్నాను.

ఇక మా కరస్పాండెంట్ కుళ్ళాయప్ప గురించి చెప్పాలి. ధర్మవరంలో పట్టుచీరల దుకాణం ఆయనది. చీరలతో పాటు చదువూ అమ్మవచ్చని తోచిన రోజున బడి పెట్టాడు. ఆ మధ్య టీవీలో ఒక చర్చ చూశాడు. అయ్యవార్ల చేతిలో మళ్ళీ బెత్తం పెట్టాలా వద్దా అని. ఆ చర్చ చూసిన మరునాటి నుంచి ఆయనకు దేశం చెడిపోవడానికి కారణం దొరికింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో బడిలో కొట్టడానికి ఇప్పటికీ చట్టం ఒప్పుకుంటుందని ఎవరో ఫోనుకు పంపారు. దాన్ని స్టాఫ్ రూములో మూడుసార్లు చదివించాడు. ఆ దేశంలో బడికి ఎన్ని గదులుంటాయి, గదికి ఎందరు పిల్లలుంటారు అన్నది మాత్రం ఎవరూ పంపలేదు, ఆయనా అడగలేదు. పరాయి దేశం నుంచి ఆయన దిగుమతి చేసుకోవాలనుకున్నది బెత్తం ఒక్కటే.

వెంటనే ఒక వేదిక పుట్టింది. చట్టం మార్చాలి, ఉపాధ్యాయులకు తగినంత బలం వాడే హక్కు ఇవ్వాలి అని దాని కోరిక. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రైవేటు బడుల వాళ్ళు మా ఆఫీసులో సమావేశమయ్యారు. తగినంత అంటే ఎంత అని ఒకరు అడిగారు. నమ్ముతారో లేదో, అక్కడి నుంచి ముప్పావుగంట బెత్తం లావు గురించి మాట్లాడారు. చిటికెన వేలంత చాలని ఒకరు, ఉంగరం వేలంత ఉంటేనే భయం ఉంటుందని ఒకరు. డిగ్రీలు, పీజీలు చేసినవాళ్ళు తమ తమ వేళ్ళు బల్ల మీద పెట్టి కొలుచుకున్నారు. నేను మినిట్సు రాశాను.

సమస్య లేదని నేను అనను. మా తెలుగు టీచరు నాగరత్నమ్మ తరగతిలో అరవైమూడు మంది. ఆమె గొంతు ఏడాదిలో ఆరు నెలలు పనిచేయదు. వెనక బెంచీలో ఫోను చూస్తున్న పిల్లాణ్ణి ఏమైనా అంటే వాళ్ళ నాన్న గేటు ముందుకొచ్చి చిందులు తొక్కుతాడు. ఆమె ఆ సమావేశంలో లేచి, నాకు బెత్తం వద్దు, ఆ తరగతిని రెండుగా చేసి ఇంకో టీచరును ఇవ్వండి చాలు అంది. కుళ్ళాయప్ప ఆమెను కూర్చోమన్నాడు. ఆ మాట మినిట్సులో లేదు. రాయవద్దని ఎవరూ నాకు చెప్పలేదు, నేనే రాయలేదు.

ఫిబ్రవరిలో, ఈ సమావేశం జరిగిన రెండో రోజున, లెక్కల సారు శ్రీనివాసులు ఎనిమిదో తరగతిలో అల్లరి జరుగుతోందని చెక్కస్కేలు పట్టుకుని లోపలికి పోయాడు. అల్లరి చేసిందెవరో ఆయనకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరం కూడా ఆయనకు తోచలేదు. ఒక వరస మొత్తాన్ని నిలబెట్టి, చేతులు బోర్లా చాపించి, కణుపుల మీద స్కేలు అంచుతో కొట్టుకుంటూ పోయాడు. పదకొండు మంది. మొదటి పిల్లకు నెమ్మదిగానే తగిలిందట. కొట్టేకొద్దీ ఆయనకు ఊపు వచ్చింది. యమున పదకొండో పిల్ల. వరసలో చివర కూర్చోవడమే ఆమె చేసిన నేరం. కుడిచేతి నడిమి వేలు కణుపు చిట్లింది.

బడి ఏం చేసింది? చల్లనీళ్ళతో కడిగి, ఎప్పటిలాగే బస్సెక్కించి పంపింది. కుళ్ళాయమ్మ పసుపు నూరి కట్టు కట్టింది. ఫోను చేసే దిక్కు లేక, ఆ వైపు పోయే మనిషితో కబురు పంపేసరికి తొమ్మిది రోజులు. సుంకప్ప మందను వెంకటక్కకు వదిలి బుక్కపట్నం నుంచి వచ్చాడు. అప్పటికి వేలు వంగడం మానేసింది.

ఆ రోజు ఆయన నేరుగా ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. అరవలేదు, తిట్టలేదు, పోలీసుల మాట ఎత్తలేదు. కుళ్ళాయప్ప, శ్రీనివాసులు, నేను, ముగ్గురం ఉన్నాం. నిలబడే మూడు ప్రశ్నలు అడిగాడు.

"ఎట్లయింది, ఎవరు చేసినారు, ఏం మందు వేసినారు. ఈ మూడు చెప్పండప్పా, పోతా."

శ్రీనివాసులు ఫ్యాను వైపు చూశాడు. కుళ్ళాయప్ప నా వైపు చూశాడు. నేను బీరువా తెరిచి ఆ కాగితం తీశాను, అది నా పని కాబట్టి. కుళ్ళాయప్ప దాన్ని ఆయన మొహం ముందు ఆడించి, ఇది నీ వేలే కదా అన్నాడు. కాగితం చూడగానే సుంకప్ప మొహం విప్పారింది. పోయిన వస్తువు దొరికినట్టు దాని మీద చెయ్యి పెట్టాడు.

"ఇదే కదప్పా. ఇది వేసినందుకే కదా అడుగుతాండేది."

కుళ్ళాయప్ప, శ్రీనివాసులు పగలబడి నవ్వారు. మనిషికి మతి లేదనుకున్నారు. ఆ నవ్వు ఎందుకో అర్థం కాక, సుంకప్ప మూడింటికీ జవాబు రాకుండానే పోయాడు. నాకు ఆ క్షణంలో మాత్రం అంతా అర్థమైంది. మూడేళ్ళ కిందట నా చేతిలో పెట్టిన ఆ చిన్న చెయ్యి గుర్తుకొచ్చింది. సిగ్గనిపించింది. సిగ్గు పడుతూనే కాగితాన్ని మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

యమున మళ్ళీ తరగతికి రాలేదు. పరీక్షలకు మాత్రం వచ్చి, పెన్నును చూపుడువేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించి రాసింది. పాసైంది. మే నెలలో అవ్వ కుళ్ళాయమ్మ పోయింది. దాంతో అసలు చిక్కు వచ్చిపడింది. తల్లీ తండ్రీ మంద వెంట పోతే పిల్ల ఉండటానికి ఇల్లుంది గానీ మనిషి లేదు. హాస్టలున్న బడి అయినా దొరకాలి, పిల్ల అయినా మంద వెంట నడవాలి. ఆ పిల్లే ఊళ్ళో ఎవరితోనో దరఖాస్తు పెట్టించుకుని, ప్రభుత్వ ఆడపిల్లల గురుకులంలో తొమ్మిదో తరగతి సీటు తెచ్చుకుంది. జూన్ ఇరవై సాయంత్రం లోపల టీసీతో వచ్చి చేరాలి. రాకపోతే సీటు ఇంకొకరికి.

టీసీ అంటే ఒక పేజీ. రాయడానికి పది నిమిషాలు. దాని కోసం సుంకప్ప నాలుగుసార్లు వచ్చాడు. రొద్దం నుంచి బస్సు, పెనుకొండలో బస్టాండు నుంచి నడక, మా గుమ్మం బయట చెప్పులు. నాలుగుసార్లూ కుళ్ళాయప్ప రేపు రా అన్నాడు. అయిదోసారి వచ్చినప్పుడు కుళ్ళాయప్పకు ఒక ఆలోచన తట్టింది. వేదిక వాళ్ళు పంతొమ్మిదిన పెనుకొండ కల్యాణ మండపంలో పెద్ద సభ పెట్టుకున్నారు. మాట్లాడేవాళ్ళంతా చొక్కా టక్ చేసుకున్నవాళ్ళే, పల్లె తండ్రి ఒక్కడూ లేడు. కంబళీ, కట్టే ఉన్న తండ్రి మైకు ముందు నిలబడి అయ్యవారి చేతికి బెత్తం కావాలంటే పేపర్లో ఫోటో పడుతుంది.

సభలో మూడు మాటలు చెప్పు, మరునాడు పొద్దున్నే టీసీ పట్టుకుపో అన్నాడు. ఆ మూడు మాటలు నేర్పే పని నాది. ఈ కట్టె లేకపోతే మంద లేదు. బెత్తం లేకపోతే బడి లేదు. మా పిల్లలను కొట్టి బాగుచేయండి. రెండు రోజులు ఆఫీసులో బల్లకు అటూ ఇటూ కూర్చుని చదివించాను. ఆయన రెండో మాట, మూడో మాట బుద్ధిగా అప్పజెప్పేవాడు. మొదటి మాట దగ్గరే ప్రతిసారీ ఆగిపోయేవాడు. నోరు తిరగడం లేదనుకుని, ఫరవాలేదు అక్కడ వస్తుందిలే అన్నాను. గొర్రెల కాపరికి ఆ మాటలో ఏం అడ్డుపడుతోందో అడిగి తెలుసుకునే ఓపిక నాకెక్కడిది.

సభ రోజు మండపం నిండింది. రొద్దం వైపు నుంచి కాపర్లనూ కూలీలనూ మా పసుపు బస్సుల్లోనే తోలుకొచ్చారు. వేదిక మీద శాలువాలు, బొకేలు. వక్తలు ఒకరి తర్వాత ఒకరు తాము తిన్న దెబ్బలను బిరుదుల్లా చదివారు. హిందూపురం నుంచి వచ్చిన ఒక పళ్ళ డాక్టరు, తనకు తొడపాశం పెట్టిన అయ్యవారిని తలుచుకుని కళ్ళు ఒత్తుకున్నాడు. ఒక రిటైర్డు ఆఫీసరు, తనను కోదండం వేసి దూలానికి వేలాడదీశారనీ, అందుకే ఇంతవాడినయ్యాననీ అన్నాడు. ఎంతవాడయ్యాడో ఆ ఊరందరికీ తెలుసు. ఆయన సంతకం కోసం తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నవాళ్ళు ఆ మండపంలోనే ఓ పదిమంది ఉంటారు. కొట్టించుకుని మంచివాడైనవాడు ఒక్కడైనా కనిపిస్తాడేమోనని ఓపిగ్గా చూశాను. కొట్టించుకున్నాక కొట్టాలనిపించినవాళ్ళే వరసగా కూర్చుని ఉన్నారు.

చివర సుంకప్పను పిలిచారు. కంబళి సర్ది, కట్టె చేతిలో పెట్టి, కుళ్ళాయప్ప స్వయంగా మైకు వంచాడు. నేను వేదిక పక్కన మూడు మాటలు రాసిన చీటీ పట్టుకుని నిలబడ్డాను, మరిచిపోతే అందించడానికి. యమున ఆడవాళ్ళ వైపు రెండో వరసలో కూర్చుంది.

సుంకప్ప మైకు వైపు చూడలేదు. కింద కూర్చున్న కాపర్ల వైపు చూశాడు. వాళ్ళ ముందు అబద్ధం ఆడితే రేపటి నుంచి గొర్రెను పాలుకు ఇవ్వడానికి మంద దగ్గరికి ఎవరూ రారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు అప్పుడు తెలిసింది.

"ఈ కట్టె కొమ్మలు దించేదానికప్పా. తుమ్మకాయ రాల్చేదానికి. దీంతో జీవాన్ని కొట్టింది లేదు. సూడి గొర్రెకు దెబ్బ తగిలితే కడుపు పోతాది. కొట్టేవానికి ఎవురూ గొర్రెను పాలుకు ఇయ్యరు."

కింద కాపర్లు నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, ఇంత చిన్న సంగతి ఈ పెద్దమనుషులకు తెలియదా అన్న నవ్వు. ఒక ముసలాయన నిజమే అని గట్టిగా అన్నాడు. నేను చీటీ పైకెత్తి చూపించాను. సుంకప్ప చదవలేడని గుర్తొచ్చి దించేశాను. కుళ్ళాయప్ప మొహం మాడిపోయింది. చరచరా వచ్చి మైకు లాక్కుని, ఈయన తన బిడ్డను కొట్టడానికి ఒప్పుకుని వేలిముద్ర వేశాడు, కాగితం నా దగ్గర ఉంది అని సభకు చెప్పాడు. సొంత నోటితో, మైకులో, చట్టం వద్దన్న పనికి సాక్ష్యం తన దగ్గర ఉందని చెప్పుకున్న మొనగాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

సుంకప్పకు మైకు అక్కర్లేకపోయింది. కొండ మీద నుంచి మందను పిలిచే గొంతు అది.

"ఏసినా. నా బిడ్డను మీ చేతికి ఇచ్చినా. ఏలు ఎట్లయింది, ఎవురు చేసినారు, ఏం మందు వేసినారు అని అడిగినా. నాలుగు నెలలాయ. ఒక గొర్రె చచ్చిపోతే నేను చెవి తీసుకొని పోయి చెప్తా. మీరు ఇంతమంది చదువుకున్నోళ్ళు, ఒకరూ చెప్పలేదే."

శ్రీనివాసులు వేదిక మీద నుంచి వెనక గుమ్మం గుండా జారుకున్నాడు. పళ్ళ డాక్టరు శాలువా మడత పెట్టుకున్నాడు. నాగరత్నమ్మ ఒక్కతే లేచి నిలబడింది. ఎవరో తెలివైనవాడు వందన సమర్పణ మొదలుపెట్టి సభ ముగించాడు. మరునాడు పేపర్లో, ఉపాధ్యాయులకు హక్కు కల్పించాలని వక్తలు ముక్తకంఠంతో కోరారని వచ్చింది.

నేను ఆ రోజు బస్సులో హిందూపురం పోతూ, మొట్టమొదటిసారి, మంచి పని ఒకటి జరగడం చూశానని సంతోషించాను. చూసి సంతోషించేవాళ్ళకు ఈ దేశంలో కొరత లేదు. మరునాడు ఏం రాయవలసి వస్తుందో అప్పుడు నాకు తెలియదు.

ఇరవయ్యో తారీఖు పొద్దున కుళ్ళాయప్ప నాకంటే ముందే ఆఫీసులో ఉన్నాడు. టీసీ రాసేయ్ అన్నాడు. ఇవ్వకపోతే పైకి ఫిర్యాదు పోతుందని రాత్రికి రాత్రి ఎవరో ఆయనకు చెప్పినట్టున్నారు. నేను సంబరంగా పుస్తకం తీశాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి, అన్నీ నింపాను. ప్రవర్తన అన్న గడి దగ్గర అలవాటు కొద్దీ మంచిది అని రాయబోతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. బాగాలేదు, ఉపాధ్యాయులను ధిక్కరిస్తుంది అని రాయమన్నాడు. గురుకులంలో ఆ ఒక్క గడి చూసే చేర్చుకుంటారు, ఎట్ల చేరుతుందో చూస్తా అన్నాడు.

నేను ఆ పిల్ల నోరెత్తి ఒక్క మాట అనడం వినలేదు. ఆ సంగతి చెప్పాను. నిజంగానే చెప్పాను, రెండుసార్లు. మూడోసారి ఆయన, నీ కుర్చీకి పన్నెండు మంది దరఖాస్తులు పెట్టుకున్నారు అన్నాడు. నేను రాశాను.

ఆ పిల్లకు సీటు దక్కలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. గురుకులం వాళ్ళు ఆ గడి చదివి, పై అధికారిని అడిగి చెబుతామన్నారు, సాయంత్రానికి వెయిటింగ్ లిస్టులో ఇంకో పిల్లను చేర్చుకున్నారు. ఇప్పుడు యమున బుక్కపట్నం చెరువు కింద మంద వెంట ఉంది. కుళ్ళాయప్ప వేదిక వాళ్ళు వచ్చే నెల ధర్మవరంలో ఇంకో సభ పెడుతున్నారు. కరపత్రం నేనే రాశాను.

చెప్పవలసింది ఆ ఇరవయ్యో తారీఖు పొద్దున జరిగింది. పదింటికి తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఆ పిల్ల చేతిలో ఒక ట్రంకు పెట్టె, తిన్నగా గురుకులానికి పోవడానికి సిద్ధమై వచ్చారు. నేను కాగితం అందించాను. సుంకప్ప రెండు చేతులతో తీసుకుని, తిప్పి చూసి, కూతురికి ఇచ్చాడు.

యమున చదివింది. పైనుంచి మొదలుపెట్టి నెమ్మదిగా కిందికి వచ్చింది. ఆ గడి దగ్గర ఆగింది. నేను బల్ల మీది పేపరువెయిట్‌ను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఈ మనిషి ఇంతే అన్నట్టు చూసి, మళ్ళీ కాగితం వైపు తిరిగింది.

"ఏం రాసినారు పాపా?" అన్నాడు సుంకప్ప.

నిన్న అంత మందిలో తండ్రి అన్న మాటలకు ఇది కూలి అని ఆ పిల్లకు అర్థమైంది. ఆయనకు తెలిస్తే ఇక బతికినంతకాలం ఆ మాటలు ఎందుకన్నానా అనుకుంటాడు. పద్నాలుగేళ్ళ పిల్ల ఆ లెక్కంతా ఒక్క నిమిషంలో వేసుకుంది. వంగని వేలితో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"మంచి పిల్ల అని రాసినారు నాయనా."

సుంకప్ప నా వైపు తిరిగాడు. మొహమంతా వెలుగు. బడి మొత్తంలో నేనొక్కణ్ణే మాట నిలబెట్టుకున్నానని ఆయన అనుకున్నాడు. ఆయన "నీ చేతికి ఇచ్చినా" అన్నది నాతోనే కదా. కట్టెను గోడకు ఆనించి, రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు.

నేను తిరిగి దండం పెట్టాను.